దీపాల ఉత్తరువు

కాసిమేడు. నలభై రెండో సంవత్సరం, ఎండలు ముదిరే నెల.
దండోరావాడు ముందు అరవంలో అరిచాడు,
మా సందు మొగదలకొచ్చి తెలుగులో గొంతు తగ్గించాడు,
అదేదో చావుకబురైనట్టు:
పొద్దుగూకితే బయట వెలుగు కనపడగూడదు,
సముద్రం మీద జపానువాడున్నాడు.

మా అమ్మ కావమ్మకు జపాను అంటే
పింగాణీ గిన్నె మీద నీలిపూల కొమ్మ.
అదొక్కటే ఉండేది ఇంట్లో, అంచు పగిలి,
ఉప్పు పోసుకునేవాళ్ళం.
ఆ సాయంత్రం దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

మోటారు బండ్ల కళ్ళకు సగం తారు పూశారు.
చేపల పాకలో పెట్రోమాక్సు మూగబోయింది.
మా ఇంటి కప్పు మీద వెదురుగడకు
అమ్మ ప్రతి సందెవేళా కట్టే లాంతరు,
నాన్న తెప్పకు అదే చిరునామా,
వార్డెను దొరసామి నాయుడు వచ్చి
తనే ఆర్పి, తనే విప్పి, అమ్మ చేతికిచ్చాడు.
గాజు ఇంకా వెచ్చగా ఉంది.
"నా చేతిలో ఏముందమ్మా" అన్నాడు.
ఆయన చేతిలో ఈల ఉంది,
వేళ్ళకు మా దీపం మసి ఉంది.

నాన్న నీళ్ళ మీదికి పోయి అది రెండో రాత్రి.
ఉత్తరువు సంగతి తెప్పలకు ఎవరు చెప్తారు?

అమ్మ ఏడవలేదు.
తలుపుకు గోనెపట్టా కట్టింది, దడి సందులకు పాత చీర కుక్కింది,
పొగ పోయే కంత ఒక్కటే వదిలేసింది.
పెనం మీద గుప్పెడు ఎండుమిరపకాయలు,
ఆ పైన ఎండు నెత్తళ్ళు.
రాత్రిగాలి నేల మీంచి నీళ్ళలోకి నడుస్తుందని
ఆమెకు ఏ బడీ చెప్పలేదు.

ఘాటు లేచింది.
సందంతా దగ్గింది, అరవ ఇళ్ళూ తెలుగు ఇళ్ళూ ఒకే భాషలో.
అంతోనిసామి తాత శిలువ గుర్తు వేసుకుంటూ దగ్గాడు.
నాయుడు ముక్కుకు తుండుగుడ్డ అడ్డం పెట్టుకొని పరుగున వచ్చాడు.
నీలికాయితం అంటించిన టార్చి వెలుగులో
ఉత్తరువు చదివాడు,
పైనుంచి కిందికి, కిందినుంచి పైకి.
లాంతర్లున్నాయి, కాగడాలున్నాయి, చుట్ట నిప్పు కూడా ఉంది.
ఘాటు లేదు.
తుమ్మి, వెళ్ళిపోయాడు.

పచ్చడికి దాచిన కాయలన్నీ అయిపోయాయి.
పక్కింటి సెల్లమ్మ కొంగునిండా తెచ్చి
అడక్కుండానే పెనంలో పోసింది.
ఆమె కొడుకు కుప్పనూ నీళ్ళ మీదే ఉన్నాడు.

నేను మాత్రం ఊపిరాడక ఇసుకలోకి పారిపోయాను.
ఇసుక కదిలింది.
నా అరచేతిలో సగం లేని తాబేలు పిల్లలు.
ఏటా హార్బరు దీపాల వైపు పాకి పాకి
తెల్లారేసరికి కాకుల పాలయ్యేవి.
ఆ రాత్రి ఒక్కటీ వెనక్కి తిరగలేదు.
లోకం మొత్తంలో నురగ ఒక్కటే తెల్లగా ఉంది,
అన్నీ అటే పోయాయి,
కొన్ని నా పాదం ఎక్కి దిగి మరీ.

అప్పుడు వినపడింది, నల్లటి నీళ్ళలోంచి
ఒక దగ్గు.
తర్వాత తెడ్డు.
తర్వాత నాన్న గొంతు:
"ఏందే, కొంప తగలబెట్టినావా?"

జపానువాడు రాలేదు.
కుప్పనూ రాలేదు.
మూడో రాత్రి సెల్లమ్మ వట్టి పెనాన్నే పొయ్యి మీద పెట్టి కూర్చుంది.
సందులో ఇంక మిరపకాయ లేదు.

ఇప్పుడీ ఒడ్డున చీకటి కావాలంటే
పిల్లలు ఇల్లిల్లూ తిరిగి అడుక్కుంటున్నారు,
తాబేళ్ళ కోసమట, ఒక్క గంట దీపాలు ఆర్పమని.
నేను మొదటే ఆర్పేస్తాను.
పోపు వేస్తే మా కోడలు ఫ్యాను వెయ్యమంటుంది.
నేను సముద్రం వైపు కిటికీ తెరుస్తాను.
నాకు తొంభై దాటాయి.
కుప్పనుకు ఇంకా పంతొమ్మిదే.